లైవ్ ఎందుకు ఆగుతంది? కొత్త సిస్టం కొనే ముందు అప్‌లోడ్ చూడుండ్రి

నందిపేట్ కాడికెళ్లి బోధన్ దాక ఏ ఊరికి పోయినా కంప్యూటర్ల గేమ్ ఆడే పోరగాండ్లు కనపడ్తరు. వాళ్లు ఆడుడొక్కటే కాదు, ఆడేది యూట్యూబ్‌ల లైవ్ పెట్టాలె, నలుగురు చూడాలె, ఛానెల్ పెరగాలె అనుకుంటుండ్రు. దాంట్ల తప్పేం లేదు. పొలం పని, డిగ్రీ కాలేజీ, గల్ఫ్ వీసా, ఈ మూడు తొవ్వలు తప్ప నాలుగోది కనపడని కాడ, ఇంట్ల కూసోని చేసే పని ఒకటి దొరికితే వద్దని ఎవరంటరు?

గని లైవ్ పెట్టి పది నిమిషాలు కాకముందే చాట్‌ల మొదలైతది. "అన్నా, ఆగుతంది." "అన్నా, అంత మసక మసక ఉంది." "అన్నా, మాట ముందు వస్తంది, బొమ్మ ఎనక వస్తంది." ఇగ సలహాలకు కరువు లేదు. ఒకడు ర్యామ్ పెంచుమంటడు. ఇంకొకడు గ్రాఫిక్స్ కార్డు మార్చుమంటడు. మూడోవాడు సిస్టమే బేకార్, కొత్తది కొనుమంటడు. ఆఖరికి అమ్మను బతిమాలి, కిస్తీల మీద కార్డు తెస్తరు. పైసలు పోతయి, లైవ్ మాత్రం ఆగుతనే ఉంటది. ఎందుకంటే రోగం ఒకటి, వేసిన మందు ఇంకొకటి.

ల్యాగ్ అనేది ఒక్క రోగం పేరు కాదు. మూడు వేరు వేరు తక్లీఫులకు మనం పెట్టుకున్న ఒక్క పేరు. అది మూడింట్ల ఏదో తేల్చుకోకుండ రూపాయి సుత ఖర్చు పెట్టొద్దు. తేల్చే పరీక్షకు పైసలు అక్కర్లేదు. ఆ పరీక్ష చేసి చూస్తే మన ఊర్లల్ల చాలాసార్లు దొరికే దొంగ సిస్టం కాదు, అప్‌లోడ్.

బొమ్మ మన ఇంట్లకెళ్లి ఎట్ల పోతది?

కంప్యూటర్ ముందుగాల గేమ్ బొమ్మ గీస్తది. 720పీ అంటే ఒక్కో బొమ్మల అడ్డం 1280 చుక్కలు, నిలువు 720 చుక్కలు. ఒక్కో చుక్క రంగుకు 24 బిట్లు. సెకండుకు 30 బొమ్మలు. లెక్క కడితే సెకండుకు 66 కోట్ల బిట్లు దాటుతది, అంటే 660 ఎంబీపీఎస్. ఇంత డేటా మన ఊరి నెట్టు మీద పోయే ముచ్చటే లేదు. అందుకే ఎన్‌కోడర్ అనేది దాన్ని పిండి పిండి 3 ఎంబీపీఎస్ చేస్తది, అంటే 220 వంతుల్ల ఒక వంతు.

బోధన్ ఫ్యాక్టరీ 2015ల మూతపడ్డది గని, చెరుకు లెక్క మన నాయినలకు, తాతలకు ఎరికే. టన్ను చెరుకు గానుగాడితే ఇంచుమించు క్వింటాల్ చక్కెర వస్తది. చెరుకు టైముకు కొట్టాలె, గానుగ ఆగకుండ తిరగాలె, తయారైన సరుకు లారీల పోవాలె. మూడింట్ల ఏ ఒక్కటి ఆగినా చక్కెర అంగడికి చేరదు. లైవ్ సుత గట్లనే. బొమ్మ గీసుడు చెరుకు కొట్టుడు. ఎన్‌కోడింగ్ గానుగ. అప్‌లోడ్ లారీ. చూసేటోనికి మూడు కాడ ఏది ఆగినా ఒక్కతీరుగనే కనపడ్తది, బొమ్మ ఆగుతది. లారీ లేనోడు గానుగ మార్చితే ఏం ఫాయిదా?

పైసా ఖర్చు లేని పరీక్ష

చాలామంది లైవ్‌కు వాడేది ఓబీఎస్. అది ఫ్రీ సాఫ్ట్‌వేర్. దాంట్ల మీద వ్యూ మెనూ తెరిచి స్టాట్స్ నొక్కితే చిన్న కిటికీ తెరుసుకుంటది. అక్కడ మూడు అంకెలు చూడాలె.

ఒకటి, రెండరింగ్ ల్యాగ్‌తోని తప్పిన ఫ్రేములు. ఇది పెరిగితే బొమ్మ గీసే కాడనే ఇబ్బంది, గ్రాఫిక్స్ కార్డు మీద బరువు ఎక్కువైంది.

రెండు, ఎన్‌కోడింగ్ ల్యాగ్‌తోని వదిలేసిన ఫ్రేములు. ఇది పెరిగితే గానుగ అందుకోలేకపోతంది.

మూడు, నెట్‌వర్క్ కాడ పడిపోయిన ఫ్రేములు, అంటే డ్రాప్డ్ ఫ్రేమ్స్. ఇది పెరిగితే సిస్టం బంగారం లెక్క ఉన్నట్టే, లారీ కదుల్తలేదు.

యూట్యూబ్‌ల లైవ్‌ను ప్రైవేట్ పెట్టి, ఎవ్వరికి చెప్పకుండ, రోజు ఆడే గేమే పావుగంట ఆడుండ్రి. ఆడినంక మూడు అంకెలు కాయితం మీద రాసుకోండ్రి. పొద్దున ఒకసారి, రాత్రి ఎనిమిదింటికి ఒకసారి చెయ్యాలె. ఏ అంకె పెరిగితే మీ రోగం గదే.

మూడూ సున్నా ఉన్నా ఎవరో ఒకరు ఆగుతంది అంటే, అది వాళ్ల నెట్టు. వీడియో క్వాలిటీ తగ్గించుకొని చూడుమని చెప్పండ్రి. మూడూ సున్నా ఉండి అందరికీ మసకగ కనపడితే, అది ఆగుడు కాదు, మీరు పెట్టిన బొమ్మ సైజుకు బిట్‌రేట్ సరిపోతలేదని అర్థం. గడ్డి, చెట్లు, వాన, పేలుళ్లు ఎక్కువున్న గేమ్‌కు ఎక్కువ బిట్లు కావాలె. క్యారమ్స్ బోర్డు లెక్క కదలని బొమ్మకు కొన్నే చాలు.

బొమ్మ కాడ, గానుగ కాడ తక్లీఫ్ ఉంటే

రెండరింగ్ ల్యాగ్ ఉంటే కొత్త కార్డు కంటె ముందు చేసేవి ఉన్నయి. గేమ్‌ను అడ్డూ అదుపు లేకుండ వదిలేస్తే కార్డు తాకత్ అంత అదే గుంజుకుంటది, ఓబీఎస్‌కు ఏం మిగలదు. గేమ్ సెట్టింగ్‌ల ఫ్రేములు 60 కాడ ఆపుండ్రి, షాడోలు తగ్గించుండ్రి. విండోస్‌ల ఓబీఎస్‌ను అడ్మినిస్ట్రేటర్‌గ నడిపితే కార్డు మీద దానికి ముందుగాల వంతు దొరుకుతది. ల్యాప్‌టాప్ అయితే చార్జర్ పెట్టే ఆడాలె, బ్యాటరీ మీద అది తన తాకత్ తనే తగ్గించుకుంటది. ఎండాకాలం మన జిల్లాల ఎండ 45 డిగ్రీల దాక పోతది. సిస్టం వేడెక్కితే కాలిపోకుండ తనకు తాను నెమ్మదైతది. పెట్టె మూత తీసి ఫ్యాన్ల దుమ్ము దులుపుండ్రి. కొన్నిసార్లు గంత పనికే కొత్త సిస్టం వచ్చినట్టైతది.

ఎన్‌కోడింగ్ ల్యాగ్ ఉంటే ఓబీఎస్ అవుట్‌పుట్ సెట్టింగ్‌ల ఎన్‌కోడర్ ఏదున్నదో చూడుండ్రి. ఎక్స్264 అని ఉంటే ఆ పిండే పనంత ప్రాసెసర్ నెత్తిన పడుతంది, అటు గేమ్ సుత దాని మీదనే నడుస్తంది. ఎన్‌విడియా కార్డు ఉంటే ఎన్‌వెంక్, ఇంటెల్ ప్రాసెసర్ ఉంటే క్విక్‌సింక్, ఏఎండీ కార్డు ఉంటే దాని ఎన్‌కోడర్ లిస్టుల కనపడ్తయి. అవి ఆ పని కోసమే చేసిన వేరే గానుగలు, గేమ్‌ను సతాయించవు. ఏదీ కనపడకుంటే ఎక్స్264లనే ప్రీసెట్ వెరీఫాస్ట్ కెళ్లి సూపర్‌ఫాస్ట్‌కు మార్చి, బొమ్మను 720పీకి, ఫ్రేములను 30కి దించుండ్రి.

కార్డు కొనాలనుకునేటోళ్లకు ఇక్కడ ఒక హెచ్చరిక. సగ్గువకు వస్తదని చాలామంది జీటీ 1030 కొంటరు. దాంట్ల ఎన్‌వెంక్ గానుగ లేనే లేదు. అది తెచ్చినా ఎన్‌కోడింగ్ బరువు మళ్లీ ప్రాసెసర్ మీదనే. జీటీఎక్స్ 1050ల ఉన్నది. కొనే ముందు దుకాణపాయనను "దీంట్ల ఎన్‌వెంక్ ఉన్నదా?" అని ఒక్క ప్రశ్న అడుగుండ్రి.

కిందికి కాలువ, మీదికి లిఫ్ట్

ఇగ మూడోది, అసలుది. నిజాంసాగర్ నీళ్లు కాలువల పడి కిందికి వాటంతట అవే పారుతయి. గని కాలువ చివరి ఆయకట్టుకు నీళ్లు సరిగ అందకపోతే ఏం చేసిండ్రు? మన నందిపేట్ మండలం ఉమ్మెడ కాడ మోటార్లు పెట్టి, గుత్ప ఎత్తిపోతలతోని గోదావరి నీళ్లు పైకి ఎక్కించిండ్రు. కిందికి పారుడు వేరు, మీదికి ఎక్కించుడు వేరు. నెట్టుల సుత గింతే తేడా. సినిమా చూసుడు, రీల్స్ చూసుడు డౌన్‌లోడ్, కాలువ లెక్క వస్తది. లైవ్ పెట్టుడు అప్‌లోడ్, దానికి లిఫ్ట్ కావాలె.

మొబైల్ నెట్టుల ఈ లిఫ్ట్ ఎందుకు బలహీనం? రెండు కారణాలు. మన కాడ 5జీ ఎక్కువగ నడిచే బ్యాండ్‌ల పంపుడు, తెచ్చుకునుడు ఒకే తొవ్వ మీద వంతుల వారీగ జరుగుతది. ఎక్కువమంది చూసేటోళ్లే కాబట్టి ఎక్కువ వంతులు డౌన్‌లోడ్‌కే ఇచ్చిండ్రు. రెండోది, టవర్ పదుల వాట్ల తాకత్‌తోని మనకు పంపుతది. మన ఫోను టవర్‌కు పంపేది ఎంత గుంజినా 0.2 వాటు దగ్గర. అందుకే ఫోన్ల నాలుగు గీతలు కనపడినా, వీడియో మంచిగ ఆడినా, లైవ్ మాత్రం ఆగుతది. గీతలు చెప్పేది టవర్ మాట మనకు ఎంత వినపడ్తందని. మన మాట టవర్‌కు ఎంత వినపడ్తందో అవి చెప్పవు.

అందుకే మొదట అప్‌లోడ్ కొలువుండ్రి. ట్రాయ్ వాళ్ల మైస్పీడ్ యాప్‌ల డౌన్‌లోడ్, అప్‌లోడ్ రెండూ వేరు వేరుగ వస్తయి. మీరు లైవ్ పెట్టే టైముకే మూడు రోజులు కొలువుండ్రి. వచ్చిన దాంట్ల పెద్ద అంకె కాదు, అన్నిటికంటె చిన్న అంకె తీసుకోండ్రి. దాంట్ల మూడింట్ల రెండు వంతులు దాటకుండ బిట్‌రేట్ పెట్టుండ్రి. మొత్తం పెడితే నెట్టు జర తగ్గంగనే లైవ్ ఆగుతది.

చిన్న అంకె 2 ఎంబీపీఎస్ ఉంటే 480పీ, 30 ఫ్రేములు, 1,200 కేబీపీఎస్. 4 నుంచి 5 ఉంటే 720పీ, 30 ఫ్రేములు, 2,500 నుంచి 3,000. 8 దాటితే 720పీ, 60 ఫ్రేములు, 4,500 నుంచి 5,000. యూట్యూబ్ చెప్పే అంకెలు దీనికంటె ఎక్కువుంటయి. 720పీ 30 ఫ్రేములకు 4 ఎంబీపీఎస్, 1080పీ 60 ఫ్రేములకు మామూలు హెచ్.264 పద్ధతిల 12 ఎంబీపీఎస్ పెట్టుమంటది. 12 పంపాలంటే అప్‌లోడ్ 18 అయినా ఉండాలె. అంత లేని కాడ 1080పీ ఆశ పెట్టుకునుడు, లిఫ్ట్ మోటరు లేకుండ గుట్ట మీద వరి నాటుడే. ఆగి ఆగి వచ్చే 1080పీ కంటె ఆగకుండ వచ్చే 480పీని జనం ఎక్కువసేపు చూస్తరు.

దీంతోపాటు కొన్ని చిన్న పనులు. ఓబీఎస్‌ల రేట్ కంట్రోల్ సీబీఆర్ పెట్టుండ్రి, కీఫ్రేమ్ 2 సెకండ్లు. అడ్వాన్స్‌డ్ సెట్టింగ్‌ల నెట్టును బట్టి బిట్‌రేట్ తనకు తానే మార్చుకునే ఆప్షన్ ఉన్నది, అది ఆన్ చేస్తే నెట్టు తగ్గినప్పుడు బొమ్మ జర మసకైతది గని ఆగదు. యూట్యూబ్‌ల లేటెన్సీ నార్మల్ ఉంచుండ్రి. అల్ట్రా లో పెడితే చాట్‌కు జవాబు తొందరగ చెప్పొచ్చు గని, చూసేటోని కాడ నిలువ ఉండదు కాబట్టి చిన్న తడబాటుకే బొమ్మ ఆగుతది.

ఫోన్ నెట్టుతోని లైవ్ పెట్టేటోళ్లు హాట్‌స్పాట్ బదులు యూఎస్‌బీ వైరుతోని కంప్యూటర్‌కు కలుపుండ్రి. ఫోన్‌ను టవర్ దిక్కు కిటికీ కాడ పెట్టుండ్రి, రేకుల కింద, బీరువా పక్కన వద్దు. కొన్ని అడుగులు జరిపితేనే అప్‌లోడ్ మారుతది, జరిపినప్పుడల్ల కొలువుండ్రి. ఫైబర్ ఉన్నోళ్లకు అప్‌లోడ్ సాధారణంగ మంచిగనే ఉంటది, వాళ్ల కాడ ఎక్కువసార్లు తప్పు వైఫైది. రౌటర్ కెళ్లి సిస్టంకు ల్యాన్ వైరు గుంజితే సగం బాధ పోతది. వైరు గుంజరాకుంటే 2.4 బదులు 5 గిగాహెర్ట్జ్ వైఫై వాడుండ్రి, అయితే అది గోడలు దాటలేదు, అదే అర్రల ఉండాలె. కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే ఆ అర సెకండులనే రౌటర్ బంద్ అయి మళ్లీ ఆన్ అయితే లైవ్ తెగుతది. రౌటర్‌కు చిన్న యూపీఎస్ పెడితే ఆ బాధ ఉండదు.

ఇంకొక ముచ్చట, లైవ్ పెట్టంగనే గేమ్‌ల పింగ్ పెరిగి చచ్చిపోతున్నం అంటరు. లైవ్ వీడియో, గేమ్ సిగ్నల్ రెండూ అదే సన్న పైపుల పోతున్నయి. లారీలు నిండిన రోడ్డు మీద బైకు ఇరుక్కున్నట్టు గేమ్ సిగ్నల్ ఇరుక్కుంటది. దీనికి మందు గ్రాఫిక్స్ కార్డు కాదు, బిట్‌రేట్ తగ్గించుడే. అట్లనే ఇంట్ల ఎవరి ఫోనైనా ఫొటోలు బ్యాకప్ చేస్తుంటే అది సుత అప్‌లోడే, లైవ్ టైముల ఆపుండ్రి.

డేటా లెక్క సుత తెలుసుకోండ్రి. 3,000 కేబీపీఎస్ వీడియోతోని గంట లైవ్ పెడితే 1.35 జీబీ అయితది, మాట సుత కలిస్తే 1.4 జీబీ. రోజుకు 1.5 జీబీ ప్లాన్ గంటల ఖతం. ఆ తర్వాత చాలా ప్లాన్లల్ల వేగం 64 కేబీపీఎస్‌కు పడుతది. "గంట దాక మంచిగనే వచ్చింది, ఎనుక ఉన్నట్టుండి ఆగింది" అన్న ఫిర్యాదులకు కారణం చానాసార్లు గిదే.

టైము సుత చూసుకోవాలె. సాయంత్రం ఏడింటికెళ్లి పదింటి దాక ఊరంత ఒకే టవర్ మీద పడుతది. రాత్రి పదిన్నరకు మన కాడ నెట్టు ఖాళీ అయితది. అప్పుడు దుబాయ్‌ల తొమ్మిది, సౌదీల ఎనిమిది. డ్యూటీ దిగి రూముకు వచ్చిన మన అన్నలు, మామలు ఫోన్ పట్టుకునే టైము గదే. నిజామాబాద్ జిల్లా ఛానెల్‌కు చూసేటోళ్లు అక్కడ సుత ఉన్నరని మర్వొద్దు.

అప్‌లోడ్ అడగాలె

ఇవన్నీ మనం చేసుకునేవి. మనతోని కానిది ఒకటున్నది. నెట్టు అమ్మేటోళ్లు పోస్టర్ మీద పెద్దగ రాసే అంకె డౌన్‌లోడ్‌ది. సర్కారు రాసుకున్న అర్థమే గట్లున్నది. బ్రాడ్‌బ్యాండ్ అంటే కనీసం 512 కేబీపీఎస్ డౌన్‌లోడ్ అని 2013ల అన్నరు. 2023 జనవరిల దాన్ని 2 ఎంబీపీఎస్‌కు పెంచిండ్రు, అది సుత డౌన్‌లోడే. అప్‌లోడ్ ఇంత ఉండాలని ఆ అర్థంల ఒక్క ముక్క లేదు. అంటే ఊరోడు చూసేటోడే గని, చూపెట్టేటోడు కాదని ముందే అనుకున్నట్టున్నది.

గేమ్ పిచ్చి అని దీన్ని కొట్టిపారెయ్యొద్దు. గల్ఫ్‌ల ఉన్న నాయినకు బిడ్డ మొఖం కనపడేది అప్‌లోడ్‌తోనే. పసుపు చేనుకు తెగులు వస్తే వ్యవసాయ అధికారికి వీడియో పంపేది అప్‌లోడ్‌తోనే. ఆన్‌లైన్ ఇంటర్వ్యూల మన పోరి మాట అవతలోళ్లకు తెగకుండ పోయేది దాంతోనే. గేమ్ లైవ్ ఆగినప్పుడు అందరికీ కనపడ్తది కాబట్టి ముచ్చట బయటపడుతంది, గంతే.

2011ల వేరే పేరుతోని మొదలై 2015ల భారత్‌నెట్ అయిన పథకం ఊరూరి పంచాయతీకి ఫైబర్ ఇయ్యాలన్నదే. మిషన్ భగీరథ పైపుల కోసం తవ్విన కందకాలల్లనే టీ-ఫైబర్ వైరు వేసిండ్రు. మీ ఊరి పంచాయతీ ఆఫీసు దాక వైరు వచ్చిందా, వస్తే నడుస్తందా, ఇండ్లకు కనెక్షన్ ఎప్పుడు ఇస్తరు, అప్‌లోడ్ ఎంత ఇస్తరు? గ్రామసభల ఈ నాలుగు ప్రశ్నలు అడుగుండ్రి. రోడ్డు గురించి, మోరీ గురించి అడిగినట్టే అడుగుండ్రి.

కనెక్షన్ తీసుకునేటప్పుడు "అప్‌లోడ్ ఎంత?" అని అడిగి రాయించుకోండ్రి. చెప్పినంత రాకపోతే కంపెనీకి ఫిర్యాదు చేసి డాకెట్ నంబర్ తీసుకోండ్రి. వాళ్లు పట్టించుకోకుంటే ఆ కంపెనీలనే అప్పీలు చూసే అధికారి ఉంటడు, ఆయనకు పెట్టుండ్రి. మైస్పీడ్‌ల కొలిచిన అంకెలు తారీకులతోని స్క్రీన్‌షాట్ తీసి దాచుండ్రి. ఒక్కనివి పది స్క్రీన్‌షాట్లు కాదు, ఒక్క ఊరివి యాభై ఉంటే ఆ టవర్ ముచ్చట మాట్లాడక తప్పదు.

ముందు కొలువుండ్రి, తర్వాత బిట్‌రేట్ దించుండ్రి, ఆ తర్వాత అడుగుండ్రి. కొనుడు అన్నిటికంటె ఆఖరి ముచ్చట.